ఫోనులో చెప్పిన మాట కొట్టులో నిలబడాలి

కిందటి చలికాలంలో ఒక బంధువుల ఇంట శుభకార్యానికి నర్సీపట్నం నుంచి భద్రాచలం వైపు మోటారు సైకిలు మీద బయలుదేరాం. చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటి, ఘాటు రోడ్డు మలుపులన్నీ తిరిగి సీలేరు చేరేసరికి పొద్దు వాలింది. ఊళ్లో అడుగుపెడుతూండగానే వెనక చక్రం గాలి పోయింది. నా వెంట ఉన్న మేనల్లుడు వెంటనే ఫోను తీశాడు. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. ఎలాగో మ్యాపు తెరుచుకుంది. అందులో ఒకే ఒక్క నంబరు కనిపించింది. ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదన్నారు.

పక్కనే ఉన్న టీ కొట్టాయన మా అవస్థ చూసి నవ్వాడు. "వెనక్కి తిరగండి భాయ్, ఆ చెట్టు కిందే ఉంది పంక్చరు షాపు" అన్నాడు. నిజమే, యాభై అడుగుల దూరంలోనే ఉంది. ఆ మెకానిక్ పెద్దాయన అరగంటలో పని పూర్తిచేసి, న్యాయమైన డబ్బే తీసుకున్నాడు. "చాచా, మీ కొట్టు ఫోనులో కనబడటం లేదేం?" అని అడిగాను. "నన్నెరగనివాడు ఈ ఊళ్లో లేడు బేటా, ఫోనెందుకు?" అన్నాడాయన. ఊళ్లోవారు ఎరుగుదురు, కాదనను. కాని ఆ రోడ్డు మీద పోయేవారంతా ఊళ్లోవారు కారే! ఆ టీ కొట్టాయన అక్కడ లేకపోతే మా ఇద్దరి గతి ఏమయ్యేది? ఆయన బేరం ఏమయ్యేది?

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

మారిన బజారు

సీలేరు అనగానే మనలో చాలామందికి కరెంటు గుర్తుకొస్తుంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలు ఈ ఏటి మీదే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు ఇది. ఇలాంటి ప్రాజెక్టు ఊళ్లలో వ్యాపారం తీరే వేరు. కాలనీలోని ఉద్యోగి నెల మొదట్లో జీతం రాగానే ఖాతా తీరుస్తాడు. సంతనాడు కొండల మీది పల్లెల నుంచి గిరిజనులు దిగివస్తారు. దారినపోయే లారీ డ్రైవరు భోజనానికి ఆగుతాడు. గిరాకీ కొట్టు ముందుకు తానే నడిచి రావడం అక్కడ పరిపాటి.

నేడు ఆ బజారు మెల్లగా మారుతోంది. ఉద్యోగి ఇంట్లో పిల్లలకు చెప్పులు, చొక్కాలు, మిక్సీ జారు కూడా ఫోనులో ఆర్డరు పెడుతున్నారు. చలికాలంలో లంబసింగి మంచు చూడటానికి వచ్చి, అలా ముందుకు సాగే యాత్రికులు బయలుదేరక ముందే ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో ఫోనులో చూసుకుంటున్నారు. వారికి కనబడని హోటలు, ఎంత బాగా వండినా, వారి లెక్కలో లేనట్లే. ఇది సీలేరు ఒక్కదాని కథ కాదు. పాడేరులోనైనా, చింతూరులోనైనా, మైదానంలోని ఏ చిన్న ఊళ్లోనైనా నేటి వ్యాపారి పరిస్థితి ఇంచుమించు ఇదే.

మనవాళ్లలో చిన్న వ్యాపారాలు చేసుకు బతికేవారు ఎక్కువ. మెకానిక్కులు, దర్జీలు, వెల్డింగు పనివారు, బిర్యానీ హోటళ్లు, కోడిమాంసం దుకాణాలు, గాజుల బండ్లు, పరుపులు కుట్టే నూర్‌బాషా కుటుంబాలు. వీరిలో చాలామందికి ఆన్‌లైన్ అనే మాట వినగానే రెండు రకాల ఆలోచనలు వస్తున్నాయి. "అది పెద్ద కంపెనీల వ్యవహారం, మనకెందుకు?" అన్నది మొదటిది. "డబ్బు ఖర్చుపెట్టి ప్రకటన వేస్తే జనం ఎగబడతారు" అన్నది రెండోది. నా దృష్టిలో రెండూ పొరపాటే. అసలు సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంది.

ప్రకటన కాదు, పలకరింపు

ఒకప్పుడు కొత్త కొట్టు పెడితే దండోరా వేయించేవారు. తరువాత కరపత్రాలు, సినిమా హాల్లో స్లైడు, ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పడం వచ్చాయి. వీటన్నిటిలో వ్యాపారి మాట్లాడేవాడు, జనం వినేవారు. ఇప్పుడు వచ్చిన ఆన్‌లైన్ సాధనాల్లో గొప్ప మార్పు ఒకటుంది. ఇక్కడ కొనేవాడు కూడా తిరిగి మాట్లాడతాడు. "ఈ రోజు తెరిచారా?", "నా జుబ్బా అయిందా?", "ఆరున్నర అడుగుల పరుపు ఎంతవుతుంది?" అని అడుగుతాడు. జవాబు వస్తే కొట్టుకు వస్తాడు. రాకపోతే మరో కొట్టు చూసుకుంటాడు.

కాబట్టి చిన్న వ్యాపారికి కావలసింది ఖరీదైన ప్రకటన కాదు. మూడు చిన్న పనులు చాలు. మొదటిది, మ్యాపులో కొట్టు పేరు, సరైన ఫోను నంబరు, తెరిచే వేళలు నమోదు చేయడం. దీనికి గూగుల్ పైసా తీసుకోదు. కొట్టు బోర్డు, వీధి కనబడేలా వీడియో తీసి పంపమని అడగవచ్చు, అంతే. రెండోది, వ్యాపారం కోసమే ఉద్దేశించిన వాట్సాప్. 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల బొమ్మలు, ధరలు పెట్టుకోవచ్చు, కొట్టు మూసిన వేళ వచ్చిన ప్రశ్నకు దానంతటదే జవాబు వెళ్లేలా చేసుకోవచ్చు. మూడోది, ఫోను ద్వారా డబ్బు తీసుకునే ఏర్పాటు. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ నేడు తోపుడు బండి దాకా వచ్చింది.

సీలేరు వంటి చోట సిగ్నలు మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నెట్‌వర్కు లేని గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఆమోదించింది. అయినా కొండల మధ్య సిగ్నలు మైదానంలో ఉన్నట్లు ఉండదు. అందుకే అక్కడి వ్యాపారి బరువైన వీడియోల వెంట పడకూడదు. చిన్న ఫొటో, నాలుగు మాటల కబురు సిగ్నలు వచ్చిన క్షణంలో చేరిపోతాయి. చదువురాని కొనుగోలుదారుకు, కువి గాని ఒడియా గాని మాట్లాడేవారికి, వారి భాష వచ్చిన మనిషి చేత గొంతుతోనే కబురు పంపించవచ్చు. ఇంటర్నెట్ లేని మామూలు ఫోనుతో కూడా డబ్బు పంపే 'యూపీఐ 123 పే' సదుపాయం 2022 మార్చి నుంచి ఉంది. ఇది తెలిసినవారు మన ఊళ్లలో ఎంతమంది?

ఇంత చెప్పినా అసలు మాట ఇంకా చెప్పలేదు. పేరు కనబడటం తేలిక. కనబడ్డ పేరును నిలబెట్టుకోవడమే కష్టం. మ్యాపులో నంబరు పెట్టి, ఏడాది తరువాత సిమ్ము మార్చి, అక్కడ మార్చడం మరచిపోతే ఏమవుతుంది? చీకటి పడే వేళ మాకు ఎదురైనదే అవుతుంది. చచ్చిన నంబరు కన్నా నంబరు లేకపోవడమే నయం. పొద్దున్న ఎనిమిదికి తెరుస్తామని రాసి పదింటికి తెరిచేవాడు, నిన్నటి ధర బొమ్మ మీద ఉంచి ఇవాళ మరో ధర చెప్పేవాడు కొత్త గిరాకీని రప్పించి మరీ పోగొట్టుకుంటున్నాడు.

కుప్ప పైభాగం

ఇక్కడ మనందరం చిన్ననాటి నుంచి విన్న ఒక సంఘటన గుర్తుచేయక తప్పదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యం కుప్పలోకి చేయి పోనిచ్చి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే తడిసిన గింజలు జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ప్రవక్త ఆయన్ను నిలదీశారు. మోసగించేవాడు తమవాడు కాదని తేల్చిచెప్పారు.

అంగడిలో కొనేవాడికి కనీసం కుప్పలో చేయి పెట్టి చూసుకునే అవకాశం ఉంది. ఫోనులో కొనేవాడికి ఆ అవకాశం కూడా లేదు. వాడికి కనబడేదంతా కుప్ప పైభాగమే. ఫొటో తీసేవాడు ఏది చూపదలచుకుంటే అదే వాడు చూస్తాడు. అంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాడి బాధ్యత తగ్గలేదు, రెట్టింపయింది. బట్ట రంగు ఫొటోలో ముదురుగా వచ్చిందా? ఆ మాట రాయాలి. తేనె గత ఏడాదిదా? ఆ మాటా రాయాలి. కుట్టులో చిన్న లోపం ఉందా? దానికీ ఒక ఫొటో తీసి పెట్టాలి. ఇలా చేస్తే బేరాలు పోతాయని కొందరి భయం. ఒక బేరం పోవచ్చు. కాని సరుకు చేరాక "చెప్పినట్టే ఉంది" అనుకున్నవాడు పదిమందిని తెస్తాడు.

కొనుగోలుదారులు రాసే అభిప్రాయాల విషయంలోనూ ఇదే నియమం. తమ్ముడి చేత, బావమరిది చేత అయిదేసి నక్షత్రాలు వేయించుకోవడం కొందరికి చిన్న చమత్కారంగా కనిపిస్తోంది. అది అబద్ధపు సాక్ష్యానికి తమ్ముడి వరస కాక మరేమిటి? చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. అమ్మేవారు తామే కొన్నవారిగా నటిస్తూ అభిప్రాయాలు రాయరాదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిజమైన గిరాకీ ఎవరైనా చెడు రాస్తే కోపగించుకోకుండా, "మా వల్ల పొరపాటు జరిగింది, సరిచేస్తాం" అని పదిమంది ముందు రాసే వ్యాపారిని చదివినవారు గౌరవిస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత ఫోనులోని ఊరికీ వర్తిస్తుంది.

కొండ కాఫీ నేర్పిన పాఠం

మాట నిలబెట్టుకుంటే ఎంత దూరం పోవచ్చో ఈ కొండల్లోనే ఉదాహరణ ఉంది. అరకు, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి ప్రాంతాల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తారు, ఆ చెట్లకే మిరియం తీగలు పాకిస్తారు. చాలాకాలం ఆ గింజ ఎవరు పండించారో తాగేవాడికి తెలిసేది కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే జి.సి.సి., కాఫీని, తేనెను, మరికొన్ని సరుకులను తన పేరుతో పొట్లం కట్టి అమ్మింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో అరకు రైతుల కాఫీ 2017లో పారిస్ నగరంలోనే దుకాణం తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్లు వెలిశాయి. నేడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని ఫోనులో ఆ కాఫీ తెప్పించుకుంటున్నాడు.

ఆ మనిషి అరకు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అయినా ఎందుకు కొంటున్నాడు? ఏ కొండ మీద, ఎవరి చేతుల్లో పండిందో పొట్లం చెబుతోంది. ఆ మాట నిజమని రుచి సాక్ష్యం పలుకుతోంది. ప్రకటన ఒకసారి కొనిపిస్తుంది, రెండోసారి కొనిపించేది రుచే.

సీలేరు, చింతపల్లి ప్రాంతాల కుర్రాళ్లు కొందరు కొండ పసుపు, మిరియాలు, రాజ్‌మా వాట్సాప్‌లో అమ్ముకుంటే బాగుంటుందని ఆలోచిస్తున్నారు. సంతోషమే. కాని వారికి రెండు మాటలు చెప్పాలి. మైదానంలో దొరికిన సరుకుకు అరకు పేరు తగిలించి అమ్మడం కొన్నవాడినీ, పండించిన రైతునూ ఒకేసారి మోసగించడం. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును అలా వాడితే చట్టం శిక్షిస్తుంది. రెండోది, గిరిజనుడి దగ్గర సంతలో చవకగా కొని, నగరంలో మూడింతలకు అమ్మి, దానికి ఆన్‌లైన్ అని పేరు పెడితే పాత దళారీకీ మనకూ తేడా ఏముంది? నగరంలో పలికే ధర ఎంతో రైతుకు కూడా చెప్పి, ఆయన వాటా పెంచి కొనేవాడి వ్యాపారమే నాలుగు కాలాలు నిలుస్తుంది. షెడ్యూల్డు ప్రాంతంలో అటవీ ఫలసాయం కొనుగోలుకు ప్రత్యేక నిబంధనలున్నాయి కనుక, ముందుగా జి.సి.సి. కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. తినే వస్తువు ఏది అమ్మినా ఆహార భద్రత శాఖ నమోదు తప్పనిసరి. ఇంట్లో పెట్టిన పచ్చడికైనా అంతే.

ఇంట్లో ఉన్న వ్యాపారి

మన ఇళ్లలో కుట్టుపని చేసే, మగ్గం పని చేసే, పచ్చళ్లు పెట్టే అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. వారి పనితనం వీధి చివర దాకానైనా తెలియదు. బేరం కోసం మగవాళ్ల మీద ఆధారపడటం, మధ్యవర్తి ఇచ్చినంత తీసుకోవడం వారికి అలవాటైపోయింది. నిజానికి ఆన్‌లైన్ వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరగవలసింది వీరికే. గడప దాటకుండానే కొనేవారితో నేరుగా మాట్లాడగలరు.

కాని చాలా ఇళ్లలో పెద్దలు జంకుతున్నారు. "ఆడపిల్ల నంబరు నలుగురికీ తెలిస్తే ఎలా?" అంటున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అపరిచితుల పిచ్చి కబుర్లు భరించవలసి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. అయితే భయానికి మందు వ్యాపారం మాన్పించడం కాదు. పనికి వేరే సిమ్ము పెట్టుకోవచ్చు. సొంత ఫొటోకు బదులు తాను కుట్టిన బట్ట ఫొటో పెట్టుకోవచ్చు. ఇంటి చిరునామా రాయకుండా ఊరి పేరు మాత్రం రాయవచ్చు. తెలిసిన స్త్రీలతోనే గుంపు మొదలుపెట్టి, వారి ద్వారా పెంచుకోవచ్చు. హద్దు మీరినవాడిని ఆ క్షణమే అడ్డగించే మీట ఫోనులోనే ఉంది. సరుకు పంపడానికి తపాలా ఉంది, ఆర్టీసీ కార్గో ఉంది. ఇక ఇంట్లో మగవారు చేయవలసిన సాయం ఒకటే. పార్సిలు పెట్టి రండి, వచ్చిన డబ్బు ఆమె ఖాతాలోనే పడనివ్వండి.

జాగ్రత్త తప్పితే

కొత్త బజారులో కొత్త దొంగలుంటారు. మా దూరపు బంధువొకాయన చిన్న హోటలు నడుపుతాడు. ఒకరోజు ఎవరో ఫోను చేసి, తాను సైన్యంలో అధికారినని, యాభై మందికి బిర్యానీ కావాలని ఆర్డరిచ్చాడు. వంట అయ్యాక, "డబ్బు పంపుతున్నాను, ఈ కోడు స్కాను చేసి పిన్ను నొక్కండి" అన్నాడు. ఆయన నొక్కాడు. ఖాతాలోని డబ్బు పోయింది, బిర్యానీ మిగిలింది. ఆ రాత్రి ఆయన భార్య ఆ బిర్యానీ వీధిలో పంచుతూ కన్నీళ్లు పెట్టుకుంది.

ఒక్క నియమం ఇంట్లో పిల్లవాడి నుంచి ముసలివారి దాకా అందరూ కంఠస్థం చేయాలి. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను నొక్కమన్నాడంటే డబ్బు మన దగ్గరి నుంచి పోతోందని అర్థం. కౌంటరు మీద అంటించిన కోడు పైన ఎవరైనా వేరే కోడు అంటించారేమోనని పొద్దున్నే ఓసారి చూసుకోవాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

పెద్ద కంపెనీకి లేనిది

చివరిగా ఒక సందేహం. ఇంత చేసినా పెద్ద కంపెనీల ధరలతో చిన్న వ్యాపారి పోటీపడగలడా? ధరతో పోటీపడలేకపోవచ్చు. అది ఒప్పుకోవాలి. చెప్పులు, ఫోను కవర్లు అమ్మేవారి బేరం కొంత ఎలాగూ పోతుంది. దాన్ని ఏ మ్యాపూ ఆపలేదు.

కాని పంక్చరు వేయడానికి ఏ కంపెనీ కూడా సీలేరు చెట్టు కిందికి రాదు. నడుము నొప్పి ఉన్న ముసలమ్మకు పత్తి ఎంత గట్టిగా కూరాలో నగరంలోని గోదాముకు తెలియదు. పెళ్లి రేపనగా జుబ్బా భుజం దగ్గర బిగుతైతే విప్పి కుట్టేది వీధి దర్జీయే. వానకు దారి తెగి, బస్సు ఆగిపోయిన రోజున అరువు మీద పాలపొడి ఇచ్చేది ఆ ఊరి కొట్టే. చిన్న వ్యాపారి ఆస్తి పరిచయమే. ఆన్‌లైన్ అనేది ఆ పరిచయాన్ని కొండ మలుపు అవతల ఉన్నవాడి దాకా చేర్చే సాధనం మాత్రమే. పరిచయం లేనిచోట అది దాన్ని పుట్టించదు. మాట తప్పేవాడి పేరును అది మరింత దూరం మోసుకుపోతుంది కూడా.

అందుకే పాఠకులను ఒక్కటి కోరుతున్నాను. ఈ శుక్రవారం నమాజు తరువాత ఇంటికి చేరాక, ఫోనులో తలమునకలైన మీ అబ్బాయినో అమ్మాయినో దగ్గర కూర్చోబెట్టుకోండి. మీ కొట్టు పేరు వెతికించండి. నంబరు సరైనదేనా, వేళలు సరైనవేనా, ఫొటోలో ఉన్నది మీ దగ్గర నిజంగా ఉన్నదేనా చూడండి. పిల్లలకు ఫోను తెలుసు, మీకు వ్యాపారం తెలుసు. ఈ రెండూ ఒక చోట కూర్చుంటే అయ్యే పని గంటసేపటిది.

ఆ రోజు సీలేరులో, టైరు బిగిస్తున్నంతసేపూ మా మేనల్లుడు ఊరుకోలేదు. చాచా కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, సిగ్నలు దొరికే చోటు వెతికి, కొట్టు పేరు మ్యాపులో ఎక్కించే పని మొదలుపెట్టాడు. "వేళలు ఏం రాయమంటారు చాచా?" అని అడిగాడు. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. "పొద్దున్న ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా అని రాయి. రాశాక మళ్లీ తిరగకూడదు కదా, రేపటి నుంచి ఏడింటికే తెరవాలి" అని కొడుకు వైపు చూశాడు.

ఫోనంటే ఏమిటో తెలియదన్న ఆ పెద్దమనిషికి అసలు సంగతి మనందరికన్నా ముందే తెలుసు.